సొంత డొమైన్‌కి సొంత డీఎన్ఎస్ పెట్టుకుంటున్నారా? ముందు రివర్స్ సంగతి తేల్చుకోండి

పోయిన ఏడాది ఒక ఉద్యోగానికి అప్లై చేశాను. సిస్టమ్ అడ్మిన్ పోస్ట్. రెజ్యూమె బాగానే కుదిరింది, కవర్ లెటర్ రెండు రోజులు కూర్చుని రాశాను. మెయిల్ కూడా జీమెయిల్ నుంచి కాకుండా నా సొంత డొమైన్ నుంచి, నేనే సెటప్ చేసుకున్న సర్వర్ నుంచి పంపాను. చూడగానే ఇంప్రెస్ అయిపోతారని నా నమ్మకం. శుక్రవారం లాస్ట్ డేట్. సోమవారం ఫోన్ చేస్తే హెచ్ఆర్ మేడమ్ చాలా మర్యాదగా, "మీ పేరుతో మాకు ఏ మెయిలూ రాలేదండీ, స్పామ్‌లో కూడా చూశాను" అన్నారు.

అప్పుడు వెతికితే దొరికింది. బౌన్స్ మెయిళ్లన్నీ వేరే ఫోల్డర్‌లోకి పోయేలా నేనే ఎప్పుడో ఫిల్టర్ పెట్టుకున్నాను. అందులో మూడు రోజులుగా ఒక మెయిల్ పడి ఉంది. ఎర్రర్ 550, దాని పక్కన 5.7.25. మామూలు భాషలో చెప్పాలంటే, "మీరు మెయిల్ పంపిన ఐపీకి రివర్స్ పేరు లేదు, లేదా ఉన్న పేరు తిరిగి అదే ఐపీకి రావడం లేదు, కాబట్టి మీ మెయిల్ తీసుకోం" అని. స్పామ్‌లో వేయడం కూడా కాదు, గేటు దగ్గరే వెనక్కి పంపేశారు.

ఆ ఉద్యోగం పోయింది, అది వేరే విషయం. డీఎన్ఎస్ మొత్తం నాకు వచ్చేసిందనుకున్న రోజుల్లో జరిగింది కాబట్టి ఎక్కువ గుచ్చుకుంది. డొమైన్ కొన్నాను, నేమ్ సర్వర్లు నడిపాను, అన్ని రికార్డులూ రాశాను. ఒక్క పీటీఆర్ దగ్గర బోల్తా పడ్డాను. సొంత డొమైన్ మీద సొంత డీఎన్ఎస్ సర్వర్ ఒక్కసారైనా పెట్టి చూడాలనేది ఇప్పటికీ నా ఒపీనియనే. కాకపోతే ఆ పని మొదలుపెట్టే వరస మాత్రం మన ట్యుటోరియల్స్‌లో చెప్పినట్టు ఉండకూడదు. రివర్స్ సంగతి చివరి చాప్టర్ కాదు, మొదటి ప్రశ్న.

ఫోన్‌లో పెట్టే డీఎన్ఎస్ వేరు, ఇది వేరు

డీఎన్ఎస్ అనగానే మన రీడర్స్‌లో చాలామందికి గుర్తొచ్చేది ఫోన్ సెట్టింగ్స్‌లో ఉండే ప్రైవేట్ డీఎన్ఎస్. ఆండ్రాయిడ్ 9తో వచ్చిన ఆప్షన్ అది. యాడ్స్ ఆపడానికో, స్పీడ్ పెరుగుతుందనో అందులో ఏదో ఒక పేరు కొట్టేస్తాం. గూగుల్ 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 లాంటివన్నీ రిజాల్వర్లు. మన తరఫున వెళ్లి అడిగి వచ్చేవి. నేను మాట్లాడేది అవతలివైపు కూర్చుని జవాబు చెప్పే సర్వర్ల గురించి. వీటిని అథారిటేటివ్ సర్వర్లు అంటారు. ఫలానా డొమైన్ గురించి చివరి మాట వీటిదే.

ఒకప్పుడు ఇంత గొడవ లేదు. ఆర్పానెట్ రోజుల్లో నెట్‌వర్క్‌లో ఉన్న మెషీన్ల పేర్లన్నీ ఒకే టెక్స్ట్ ఫైల్‌లో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థ దాన్ని చూసుకునేది, అందరూ అక్కడి నుంచి కాపీ చేసుకునేవాళ్లు. మెషీన్లు పెరిగేసరికి అది మోయలేని బరువైంది. 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్ఎస్ డిజైన్ చేశాడు. అందులో నాకు బాగా నచ్చే ఐడియా ఒక్కటే: ఎవరి భాగం వాళ్లే చూసుకోవడం. కామ్ వాళ్లకి మీ రికార్డులతో పని లేదు, మీ నేమ్ సర్వర్ ఏదో తెలిస్తే చాలు, "అక్కడికెళ్లి అడగండి" అని చూపించి తప్పుకుంటారు. అంటే మీరూ నేనూ సొంతంగా సర్వర్ పెట్టుకోవడం పిచ్చి పని కాదు, ఈ సిస్టమ్‌ని తయారుచేసిందే అలా వాడుకోవడానికి.

పెట్టడం ఈజీ, చుక్క మర్చిపోవడం ఇంకా ఈజీ

నేను వాడేది ఎన్ఎస్‌డీ. బైండ్ వాడేవాళ్లు ఎక్కువ, దాని గురించి మెటీరియల్ కూడా ఎక్కువ దొరుకుతుంది. కానీ బైండ్‌లో రిజాల్వర్, అథారిటేటివ్ రెండూ ఒకే ప్రోగ్రామ్‌లో ఉండటం వల్ల కొత్తవాళ్లు రికర్షన్ అందరికీ ఓపెన్ పెట్టేసే ప్రమాదం ఉంది. అలా వదిలేసిన సర్వర్లనే వాడుకుని ఇంకొకరి మీద ట్రాఫిక్ దాడులు చేస్తారు. ఎన్ఎస్‌డీకి ఆ పనే రాదు, అడిగిన జోన్ గురించి జవాబు చెప్పడం తప్ప ఇంకేం తెలీదు. నాలాంటి మతిమరుపు మనిషికి అదే సేఫ్. అతి చిన్న వీపీఎస్ కూడా దీనికి ఎక్కువే. ఫైర్‌వాల్‌లో పోర్ట్ 53ని యూడీపీ, టీసీపీ రెండింటికీ తెరవాలి. చాలామంది యూడీపీ ఒక్కటే తెరిచి, పెద్ద జవాబులు ఎందుకు రావట్లేదా అని జుట్టు పీక్కుంటారు.

జోన్ ఫైల్ గురించి రెండు మాటలు. పేరు చివర చుక్క పెట్టకపోతే సర్వర్ ఆ పేరుకి మీ డొమైన్‌ని మళ్లీ తగిలిస్తుంది. మెయిల్.ఎగ్జాంపుల్.కామ్ అని రాసి చివర చుక్క మర్చిపోతే అది మెయిల్.ఎగ్జాంపుల్.కామ్.ఎగ్జాంపుల్.కామ్ అయి కూర్చుంటుంది. కళ్ల ముందే ఉంటుంది, కనపడదు. ఒక ఆదివారం మొత్తం ఆ చుక్కకే అంకితం చేశాను. రెండోది సీరియల్ నంబర్. ఫైల్ మార్చిన ప్రతిసారీ పెంచాలి, లేకపోతే సెకండరీ సర్వర్‌కి మార్పు తెలీదు. అందరిలాగే నేనూ తారీఖు వేసి పక్కన రెండంకెలు పెడతాను. ఒకసారి 2025 బదులు 2052 అని కొట్టాను. అంతే, ఆ తర్వాత ఎన్ని మార్పులు చేసినా సెకండరీ తీసుకోదు, తన దగ్గరున్నదే కొత్తదని దాని ధీమా. చివరికి సెకండరీలో జోన్ ఫైల్ తీసేసి మళ్లీ మొదటి నుంచి తెప్పించాల్సి వచ్చింది.

నేమ్ సర్వర్ పేరు కూడా మీ డొమైన్‌లోనే ఉంటే రిజిస్ట్రార్ దగ్గర గ్లూ రికార్డ్ పెట్టాలి. ఎన్ఎస్1.ఎగ్జాంపుల్.కామ్ ఐపీ ఏంటో తెలియాలంటే ఎగ్జాంపుల్.కామ్ సర్వర్‌ని అడగాలి, ఆ సర్వరేమో ఎన్ఎస్1.ఎగ్జాంపుల్.కామే. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టు ఉంటుంది. అందుకే పై స్థాయిలో కామ్ వాళ్ల దగ్గరే ఆ ఐపీ కూడా రాసిపెడతారు. కొన్ని రిజిస్ట్రార్ ప్యానెళ్లలో దీన్ని హోస్ట్ నేమ్స్ అనో, చైల్డ్ నేమ్ సర్వర్స్ అనో ఎక్కడో మూలన పెడతారు. వెతుక్కోండి.

ఇంకోటి, "ప్రాపగేషన్‌కి 48 గంటలు పడుతుంది" అనే మాట వింటే నాకు చిరాకు. ఎక్కడికీ ఏదీ వ్యాపించదు. పాత జవాబు తెచ్చుకున్న రిజాల్వర్లు దాని టీటీఎల్ అయ్యేదాకా దాన్నే చెప్తాయి, అంతే. ఆ 48 గంటలు కూడా గాల్లోంచి రాలేదు, కామ్ సర్వర్లు ఇచ్చే ఎన్ఎస్ రికార్డుల టీటీఎల్ 172800 సెకన్లు, అంటే సరిగ్గా 2 రోజులు. మీ రికార్డుల టీటీఎల్ మీ చేతిలోనే ఉంది. మార్చబోయే ముందు రోజే 300కి తగ్గించి పెట్టుకుంటే పని 5 నిమిషాల్లో అయిపోతుంది. రికార్డ్ పెట్టకముందే తొందరపడి "వచ్చిందా, వచ్చిందా" అని చెక్ చేసినా ఇబ్బందే, ఆ "లేదు" అనే జవాబు కూడా కాసేపు క్యాష్‌లో ఉండిపోతుంది.

పేరు మీది, నంబర్ మీది కాదు

ఇక అసలు విషయం. పేరు ఇస్తే ఐపీ చెప్పడం ఫార్వర్డ్. ఐపీ ఇస్తే పేరు చెప్పడం రివర్స్. ఫోన్‌లో టెర్మక్స్ ఉంటే ఇప్పుడే ట్రై చేయండి: డిఎన్ఎస్‌యుటిల్స్ ప్యాకేజీ వేసుకుని, డిగ్ కమాండ్‌కి మైనస్ ఎక్స్ జోడించి 8.8.8.8 అని కొట్టండి. డీఎన్ఎస్.గూగుల్ అని వస్తుంది. 1.1.1.1 కొడితే వన్.వన్.వన్.వన్ అని వస్తుంది, వాళ్ల సరదా అది.

ఇది వెనకాల ఎలా జరుగుతుందో చూడండి. మన పోస్టల్ అడ్రస్‌లో ముందు డోర్ నంబర్, తర్వాత వీధి, ఊరు, జిల్లా వస్తాయి. చిన్నది ముందు, పెద్దది వెనక. డొమైన్ పేరు కూడా అంతే. ల్యాండ్‌లైన్ నంబర్ అలా కాదు, హైదరాబాద్ అయితే 040 ముందు, ఇంటి నంబర్ చివర. ఐపీ అడ్రస్ ఈ రెండో రకం. రెండింటినీ ఒకే పద్ధతిలో వెతకాలంటే ఒకదాన్ని తిరగేయాలి. అందుకే 203.0.113.25 అనే ఐపీని 25.113.0.203 అని తిప్పి, చివర ఇన్-యాడర్.ఆర్పా తగిలిస్తారు. అదీ ఒక డొమైన్ పేరే. దాని కింద పీటీఆర్ అనే రికార్డ్ ఉంటుంది, అందులో పేరు ఉంటుంది. 1987 నాటి ఆర్ఎఫ్‌సీ 1035లోనే ఇదంతా ఉంది.

నేను చేసిన తెలివితక్కువ పని ఇక్కడే. ట్యుటోరియల్‌లో చెప్పినట్టు నా సర్వర్‌లోనే ఒక రివర్స్ జోన్ రాశాను. నా సర్వర్‌ని నేరుగా అడిగితే అద్భుతంగా జవాబిస్తోంది. స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో కూడా పెట్టాను. కానీ ప్రపంచంలో ఇంకెవరూ ఆ సర్వర్‌ని అడగరు! ఎందుకంటే డొమైన్ నేను కొన్నాను కాబట్టి కామ్ వాళ్లు నావైపు చూపిస్తారు. ఐపీ నేను కొనలేదు. ఆ నంబర్ల బ్లాక్ ఏపీనిక్ దగ్గర నుంచో, మన దేశంలో ఐఆర్ఐఎన్ఎన్ దగ్గర నుంచో మా ఐఎస్‌పీ తీసుకుంది. కాబట్టి రివర్స్ ప్రశ్న వాళ్ల సర్వర్ దగ్గరికే పోతుంది. వాళ్లేమో అంకెల మధ్య గీతలు పెట్టి ఆటోమేటిక్‌గా తయారుచేసిన ఒక జెనరిక్ పేరు చెప్తున్నారు. ఆ పేరు తిరిగి ఏ ఐపీకీ రావట్లేదు. 5.7.25 వచ్చింది అందుకే.

ఇల్లు అద్దెకి తీసుకుంటే గుమ్మం పక్కన మన నేమ్ ప్లేట్ పెట్టుకోవచ్చు. మున్సిపాలిటీ రికార్డులో ఉండేది మాత్రం ఓనర్ పేరే. కరెక్షన్ కావాలంటే ఓనర్ సంతకం పెట్టాలి. ఇక్కడ ఓనర్ ఐఎస్‌పీ.

సరే, అడుగుదాం అని ఫోన్ చేశాను. స్టాటిక్ ఐపీకి నెలనెలా ఎక్స్‌ట్రా కడుతున్నాను కదా, హక్కుగానే అడిగాను.

"సార్, మీకు ఇంటర్నెట్ వస్తోందా?"

"వస్తోందండీ. రివర్స్ డీఎన్ఎస్ పెట్టాలి."

"డీఎన్ఎస్ ప్రాబ్లమ్ అయితే 8.8.8.8 పెట్టుకోండి సార్."

"అది కాదండీ, నా స్టాటిక్ ఐపీకి పీటీఆర్ రికార్డ్..."

"ఒకసారి రౌటర్ రీస్టార్ట్ చేస్తారా సార్?"

ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆమె ముందున్న స్క్రీన్‌లో ఆ ఆప్షన్ లేదు. కనెక్షన్ ఇచ్చిన లోకల్ ఆపరేటర్‌ని అడిగితే "అన్నా, అవన్నీ పైన ఉంటాయి, మా చేతిలో ఉండవు" అన్నాడు. మూడు టికెట్లు, రెండు మెయిళ్లు. మెయిల్‌కి వచ్చిన రిప్లై కూడా రౌటర్ రీస్టార్ట్ గురించే.

నా కోపం ఇక్కడ. ఇదేమీ పెద్ద ఇంజినీరింగ్ కాదు. జోన్ ఫైల్‌లో ఒక లైన్. కస్టమరే నడుపుకుంటానంటే ఆ ఐపీ వరకు సీనేమ్ పెట్టి కస్టమర్ జోన్ వైపు చూపించే పద్ధతిని 1998లోనే ఆర్ఎఫ్‌సీ 2317లో రాసిపెట్టారు. స్టాటిక్ ఐపీ అని పేరుపెట్టి డబ్బులు తీసుకునేటప్పుడు, యాప్‌లో ఓటీటీ ప్యాక్‌ల బ్యానర్లు పది పెట్టేటప్పుడు, రివర్స్ పేరు రాసుకోవడానికి ఒక బాక్స్ పెట్టలేరా? స్టాటిక్ ఐపీ తీసుకునేవాడు దాంతో సర్వర్ కాకపోతే ఇంకేం నడుపుతాడు?

మామూలు కనెక్షన్ ఉన్నవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. మీ రౌటర్‌లో కనిపించే ఐపీ 100.64 నుంచి 100.127 లోపు మొదలవుతుంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నారని అర్థం. ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది పంచుకుంటుంటారు. రివర్స్ దాకా ఎందుకు, బయటి నుంచి మీ సర్వర్‌ని చేరడానికే ఐపీవీ4లో దారి లేదు.

రెండోసారి బోల్తా

మెయిల్ సర్వర్‌ని ముంబైలో ఉన్న ఒక వీపీఎస్‌కి మార్చాను. కొనేముందే సపోర్ట్‌ని రెండు ప్రశ్నలడిగాను: పీటీఆర్ నేనే పెట్టుకోవచ్చా, పోర్ట్ 25 తెరిచి ఉంటుందా. రెండోది కూడా ముఖ్యమే, చాలా క్లౌడ్ కంపెనీలు కొత్త అకౌంట్లకి దాన్ని మూసే ఉంచుతాయి. రెండింటికీ అవునన్నారు. ప్యానెల్‌లో నిజంగానే రివర్స్ డీఎన్ఎస్ అని ఒక బాక్స్ ఉంది. పేరు కొట్టాను, సేవ్ చేశాను, నిమిషం కూడా పట్టలేదు. ఒక చిన్న విషయం: కొన్ని ప్యానెళ్లు ముందు ఫార్వర్డ్ రికార్డ్ ఉందో లేదో చూసి, లేకపోతే పీటీఆర్ పెట్టనివ్వవు. కాబట్టి ముందు ఏ రికార్డ్ రాసి, తర్వాత ఇటు రండి.

ఫ్రెండ్ జీమెయిల్‌కి టెస్ట్ మెయిల్ పంపాను. మళ్లీ 5.7.25.

డిగ్ చేస్తే అంతా కరెక్ట్‌గానే ఉంది. పేరు నుంచి ఐపీ, ఐపీ నుంచి పేరు, రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయి. గంటన్నర తర్వాత బౌన్స్‌లో ఉన్న ఐపీని సరిగ్గా చదివాను. అది నేను పీటీఆర్ పెట్టిన ఐపీ కాదు, పొడుగ్గా కోలన్లతో ఉన్న ఐపీవీ6 అడ్రస్! వీపీఎస్‌తో ఫ్రీగా ఐపీవీ6 కూడా వచ్చింది, నా సర్వర్ దాన్నే ముందు వాడుతోంది, దానికి పీటీఆర్ లేదు. ఐపీవీ6 రివర్స్ ఐపీ6.ఆర్పా కింద ఉంటుంది, 32 అంకెలూ ఒక్కొక్కటీ విడగొట్టి, తిరగేసి, మధ్యలో చుక్కలతో. చేత్తో రాయాలంటే ఏడుపొస్తుంది, ప్యానెల్ ఉంటే మాత్రం అదీ ఒక బాక్సే. మెయిల్ సర్వర్ పెట్టేవాళ్లు దయచేసి రెండు ఐపీలకీ పెట్టండి, లేదా మెయిల్ ఐపీవీ4 మీదే పోయేలా సెట్ చేయండి. సర్వర్ హలో చెప్పే పేరు కూడా అదే ఉండేలా చూసుకోండి.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ మెయిల్ పంపేవాళ్లకి రూల్స్ గట్టిపరిచింది. ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ఉండాలి, ఫార్వర్డ్ రివర్స్ రెండూ సరిగ్గా ఉండాలి, బల్క్‌గా పంపేవాళ్లకైతే ఇంకా ఉన్నాయి. కాబట్టి "నాలుగు మెయిళ్లు పంపేవాడిని, నన్నెవరు పట్టించుకుంటారు" అనుకోవద్దు. ఇన్నీ చేశాక కూడా నా మెయిల్ అప్పుడప్పుడు స్పామ్‌లో పడుతూనే ఉంది. పక్క వీపీఎస్‌లో ఎవడో స్పామ్ కొడితే ఆ చుట్టుపక్కల ఐపీలన్నిటికీ చెడ్డపేరు. పీటీఆర్ పెట్టినంత మాత్రాన మర్యాద రాదు, లేకపోతే మాత్రం గేటు దాటనివ్వరు.

ఇంత తలనొప్పి ఎందుకు?

ఈ ప్రశ్న నాకు కామెంట్లలో రాకముందే ఇంట్లో వచ్చింది. మా తమ్ముడు "ఫ్రీగా డీఎన్ఎస్ ఇచ్చేవాళ్లు ఇంతమంది ఉండగా నువ్వెందుకన్నా" అన్నాడు. పాయింటే. మీ డొమైన్ మీద ఎవరి వ్యాపారమైనా నడుస్తుంటే, ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై మీద నేమ్ సర్వర్ పెట్టొద్దు. కరెంటు పోతే మీ వెబ్‌సైటే కాదు, మీ పేరే కనపడదు. నేమ్ సర్వర్లు కనీసం రెండు ఉండాలి, అవి వేర్వేరు చోట్ల, వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉండాలని 1997లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2182 చెప్తోంది. ఒకే వీపీఎస్‌కి ఎన్ఎస్1, ఎన్ఎస్2 అని రెండు పేర్లు పెట్టి రిజిస్ట్రార్‌ని మోసం చేసేవాళ్లున్నారు, నేనూ చేశాను. మోసపోయేది మనమే.

పెద్దవాళ్లు కూడా దీనికి అతీతులేం కాదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఆరు గంటలపాటు ఆగిపోయింది గుర్తుంది కదా. ఆ కంపెనీ నెట్‌వర్క్ తెగిపోయేసరికి వాళ్ల నేమ్ సర్వర్లు ఇంటర్నెట్‌లోంచి మాయమయ్యాయి, ఎందుకంటే అన్నీ ఆ నెట్‌వర్క్‌లోనే ఉన్నాయి. అలాగని వేరేవాళ్లకి అప్పగిస్తే నిశ్చింత అనీ కాదు. 2016 అక్టోబర్ 21న డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీద మిరాయ్ బాట్‌నెట్ దాడి జరిగితే, దాన్నే నమ్ముకున్న ట్విట్టర్ లాంటి సైట్లు అమెరికాలో చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు.

నేను మధ్యలో ఒక దారి పట్టాను. అసలు జోన్ ఫైల్ నా దగ్గరే, నా సర్వర్‌లోనే ఉంటుంది. కానీ ఆ సర్వర్ పేరు ఎన్ఎస్ రికార్డుల్లో ఉండదు. బయటికి కనిపించేవి రెండు సెకండరీలు, ఒకటి నా ఇంకో వీపీఎస్ సింగపూర్‌లో, రెండోది సెకండరీ సర్వీస్ ఇచ్చే ఒక కంపెనీది. నేను ఫైల్ మార్చగానే అవి వచ్చి కాపీ తీసుకుంటాయి. దీన్ని హిడెన్ ప్రైమరీ అంటారు. నా సర్వర్ పడుకున్నా రోజుల తరబడి ఎవరికీ తెలీదు. జోన్ ట్రాన్స్‌ఫర్ ఆ రెండింటికి తప్ప ఎవరికీ ఇవ్వకుండా కీతో లాక్ చేశాను.

ఇంకో మాట చెప్పి తీరాలి, సిగ్గుగా ఉన్నా సరే. రిజిస్ట్రార్ అకౌంట్‌కి రికవరీ మెయిల్‌గా అదే డొమైన్ మెయిల్ ఇచ్చాను. ఒక రాత్రి నేమ్ సర్వర్లు మార్చేటప్పుడు గ్లూలో ఐపీ తప్పు కొట్టాను, డొమైన్ పడిపోయింది. లాగిన్ అయి సరిచేద్దామంటే ఓటీపీ ఆ మెయిల్‌కే పోతుంది, ఆ మెయిల్ ఆ డొమైన్ లేచేదాకా రాదు. ఐడీ ప్రూఫ్‌లు పంపి బతిమాలితే నాలుగు రోజులకి తెరిచారు. ఇది చదవడం ఆపేసైనా సరే, ఇప్పుడే వెళ్లి మీ రికవరీ మెయిల్ ఏదో చూసుకోండి.

ఈ ఆర్టికల్ రాస్తూ ఇంటి ఐపీకి ఇంకోసారి డిగ్ మైనస్ ఎక్స్ కొట్టి చూశాను. అంకెల మధ్య గీతలున్న ఆ జెనరిక్ పేరే వచ్చింది. ఐఎస్‌పీ యాప్‌లో నా మూడో టికెట్ స్టేటస్ మాత్రం "రిజాల్వ్డ్" అని ఉంది. కింద రేటింగ్ ఇమ్మని ఐదు నక్షత్రాలు.